అమ్మ కోర్సు ఎండిపోయిన వేసవి

ఆ రిసార్టులో మూడు గోల్ఫ్ కోర్సులు ఉండేవి. మొదటిదాన్ని అందరూ అమ్మ కోర్సు అనేవారు. ఆ అమ్మ, ఆమె భర్త కలిసి తమ చేతులతో వేసిన కోర్సు అది.

ఆయన లారీలు బాగుచేసే మెకానిక్. ఒకసారి ఎవరో పెద్దమనిషి కారు మొరాయిస్తే, దాన్ని బాగుచేయడానికి ఒక గోల్ఫ్ క్లబ్బుకు వెళ్ళాడు. అంత మెత్తటి పచ్చిక మీద మనుషులు గొంతెత్తకుండా మాట్లాడుకుంటూ నడవడం చూసి ఆయనకు మతి పోయింది. కొన్నేళ్ళకు ఊరి చివర రాళ్ళ గుట్టను కొన్నాడు. "గొర్రె కూడా మేయని చోట గోల్ఫ్ ఆడిస్తాడట!" అని జనం నవ్వారు. ఆలుమగలు ఆ మాటలు చెవిన పెట్టలేదు. రాళ్ళేరి, మట్టి పోసి, గడ్డి నాటి గుట్ట అడుగున బంతి పడే గుంతలు, అదే హోల్స్, తొమ్మిది తయారుచేశారు. నవ్వినవాళ్ళలో కొందరు తర్వాత అక్కడే ఉద్యోగానికి కుదిరారు.

కూతురు పెద్దదయ్యాక గుట్ట నెత్తిన కొండ కోర్సు వేయించింది. కొడుకు హోటల్ కట్టి, దాని ముందు చెరువు తవ్వించి మూడో కోర్సు వేశాడు. డబ్బున్న అతిథులు ఎక్కువగా ఆడేది అక్కడే. అది చూడకుండానే తల్లి కన్నుమూసింది.

తర్వాత వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. పెద్దాయనకు అప్పటికి కాళ్ళు పడిపోయాయి. క్లబ్‌హౌస్ మేడ మీది గదిలో, కిటికీ పక్కన మంచం వేసుకుని అమ్మ కోర్సును చూస్తూ ఉండేవాడు. ఒకరోజు పిల్లలిద్దరినీ పిలిపించాడు.

"ఉన్న నీళ్ళు మూడింటికీ చాలవు. ఒకదాన్ని వదులుకోవాలి. దేన్ని?" అన్నాడు.

కొడుకు నీళ్ళు నమిలాడు.

"ఉన్న కాసిని నీళ్ళూ నువ్వే నమిలేస్తే ఎలారా!" అంది అక్క. ముగ్గురూ నవ్వారు. ముగ్గురూ కలిసి నవ్వడం అదే ఆఖరు.

ఆమే మళ్ళీ అంది: "నాది వదిలేద్దాం నాన్నా. గుట్ట ఎక్కించేసరికే సగం నీళ్ళు పోతున్నాయి. నా వాటా అమ్మ కోర్సుకి పెట్టండి."

తండ్రి ఆమెను దగ్గరికి పిలిచాడు. "అయితే అమ్మ కోర్సు నీకు అప్పజెప్తున్నా. ఇకనుంచి అది నీదే" అన్నాడు.

తాను వేయించుకున్న కొండ కోర్సుకు తానే నీళ్ళు ఆపింది. గడ్డి ముందు నీలిబూడిద రంగుకు వాడింది, తర్వాత పసుపు రంగుకు తిరిగింది, ఆపైన ఎండు వరిగడ్డిలా మిగిలింది. అక్కడ పనిచేసేవాళ్ళు ఆమె ఎదురుపడితే తలలు దించుకునేవారు. ఆమె మాత్రం అటు పోవడం మానేసి పొద్దస్తమానం అమ్మ కోర్సులోనే ఉండేది. వేసవి ముదిరినా అక్కడ గుంతల చుట్టూ ఉండే గ్రీన్లు పచ్చగానే ఉన్నాయి.

ఒక బోరు వేస్తే గండం గట్టెక్కుతుందని ఆమెకు ఆశ. బోరు బండ్లన్నీ ఎక్కడెక్కడో పనిలో ఉన్నాయి. వాటి వెంటపడి బతిమాలుకోవడానికి పొరుగు జిల్లాకు వెళ్ళి, వారం పైగా అక్కడే ఉండిపోయింది. చివరికి ఒక బండిని ఒప్పించి సంబరంగా తిరిగొచ్చింది.

వచ్చీరాగానే అమ్మ కోర్సులోకి నడిచింది. చెప్పు కింద గడ్డి కరకరలాడింది. వంగి పీకితే వేళ్ళతో సహా చేతిలోకి వచ్చేసింది. మొదటి గ్రీన్ నుంచి చివరిదాకా అంతే.

ఆమె నేరుగా పంపుల గదికి వెళ్ళింది. పంపు చూసే మనిషి లేచి నిలబడ్డాడు.

"చిన్నయ్యగారు చెప్పారమ్మా. హోటల్లో జరిగే గోల్ఫ్ పోటీ అయ్యేదాకా నీళ్ళన్నీ చెరువు కోర్సుకే తిప్పమన్నారు. మీకూ తెలుసన్నారు."

తమ్ముడు హోటల్ వసారాలో కుర్చీలు సర్దిస్తున్నాడు. అక్కను చూడగానే పనివాళ్ళను పంపేశాడు.

"నాలుగు రోజులకి ఏం కాదనుకున్నానక్కా. టీవీవాళ్ళు వస్తున్నారు. ఈ పోటీ పోతే హోటల్ పోతుంది. హోటల్ పోతే మనందరం పోతాం."

"నాకొక్క ఫోన్ చెయ్యలేకపోయావా?"

"చేస్తే ఒప్పుకునేదానివా?"

"నాన్నకి నువ్వే చెప్పు" అంది.

"చెప్తాను. పోటీ కానీ."

గడ్డి ఎండిందని తండ్రికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాడు. మర్నాడు ఇద్దరినీ పిలిచాడు.

"ఏమ్మా, నీకు అప్పజెప్పాను కదా" అన్నాడు. కోప్పడలేదు. గొంతులో దిగులే ఉంది.

ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు చెప్తాడని ఆగింది. వాడు నేల చూపులు చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఎండలు అలా ఉన్నాయి నాన్నా. అక్క తప్పేం లేదు."

తండ్రి తల అడ్డంగా ఊపాడు. "అది ఇంతకంటే పెద్ద ఎండలకి తట్టుకుందిరా. చూసుకునేవాళ్ళు లేక చచ్చింది."

నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఇప్పటికే ఆయన దృష్టిలో కూతురు పోయింది, నిజం చెబితే కొడుకూ పోతాడు. ఇవాళ కాకపోతే రేపు వాడే చెప్తాడులే అనుకుంది.

వాడు చెప్పలేదు. పోటీ బాగానే జరిగింది, టీవీలో చెరువు అందంగా కనబడింది. ఆమె ఒప్పించిన బోరు బండి వచ్చేసరికి తడపడానికి అమ్మ కోర్సులో గడ్డే లేదు. పెద్దాయన మంచాన్ని గోడ వైపు తిప్పించుకున్నాడు. కూతురు అన్నం పెడితే తినేవాడు, మందు వేస్తే మింగేవాడు. పరాయి నర్సుకు చెప్పినట్టు "చాలమ్మా" అనేవాడు. ఒకరోజు ఆమె దుప్పటి సర్దుతుంటే, "నువ్వెందుకమ్మా ఇక్కడ? హోటల్లో ఏమన్నా పని ఉంటే చూసుకో" అన్నాడు. ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఏడుపు కూడా రాలేదు.

వానలు పడకముందే ఆయన పోయాడు. అంతా అయిపోయి చుట్టాలు వెళ్ళాక తమ్ముడు అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఆ రోజే చెబుదామనుకున్నానక్కా. నోరు పెగల్లేదు."

"పెగిలిందిరా. అక్క తప్పేం లేదన్నావు. నువ్వు నోరు మూసుకున్నా బాగుండేది. నన్ను వెనకేసుకొస్తున్నావనుకుని ఆయన నా తప్పు ఖాయం చేసుకున్నాడు."

వాడు ఏడ్చాడు. చిన్నప్పుడు పడి మోకాలు చెక్కుకున్నప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాడు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి వాడి తల దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆ ఏడు వానలు కుండపోతగా కురిశాయి. తమ్ముడు నిపుణుల్ని పిలిపించి అమ్మ కోర్సు మట్టి మార్పించాడు, కొత్త రకం గడ్డి పరిపించాడు. ఇదివరకటికంటే ఇప్పుడే బాగుందని అతిథులు మెచ్చుకుంటున్నారు. అక్క మాత్రం చాలా దూరంలో ఒక చిన్న మునిసిపల్ మైదానంలో గడ్డి చూసే పనిలో చేరింది. సాయంత్రాలు పిల్లలు అక్కడ బంతాట ఆడి, ఆమె పగలంతా సరిచేసినదాన్ని చెడగొట్టి పోతారు.

తమ్ముడు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు.

"గడ్డి బాగా పట్టిందక్కా. ఒక్కసారి వచ్చి చూసిపో."

"వస్తాన్లే" అంటుందామె.

రాదని ఇద్దరికీ తెలుసు. ఎవరి ఊళ్ళో వాన ఎలా ఉందో కాసేపు చెప్పుకుని ఫోన్ పెట్టేస్తారు.