కార్డు వెనక వైపు

ఓడలో మూడు పూటలా తిండి పెడతారని టూరు కాగితంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా బయల్దేరే ముందు రోజు ఇనాస్ వంటగదిలో కూర్చుని రెండు వందల ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టింది. అత్తగారు తఫీదాకు పరాయి చేతి వంట పడదు. పడదని ఆవిడే చెబుతుంది గానీ ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు శుభ్రంగా పడుతుంది. "ఓడలో వంటవాళ్లు చేతులు కడుక్కుంటారో లేదో ఎవడు చూడొచ్చాడే? నాలుగు ఆకులు చుట్టి డబ్బాలో పడెయ్. నీకెంత సేపు?" అంది. ఆకు పరచడం, చిటికెడు బియ్యం పెట్టడం, అంచులు మడిచి చుట్టడం. ఈ పనికి చేతులు చాలు, బుర్ర అక్కర్లేదు. ఆ ఖాళీ బుర్రతోనే ఇనాస్ ఆ సాయంత్రమంతా మొగుణ్ణి గమనించింది. హాల్లో షౌకి తన కోటు తీశాడు, గోధుమరంగు కవరొకటి లోపలి జేబులో పెట్టాడు, జేబు మీద రెండు సార్లు తట్టి చూసుకున్నాడు. ఇరవై మూడేళ్ల కాపురంలో తన రుమాలు తను పెట్టుకోని మనిషి.

అనుమానం ఆ రోజు పుట్టింది కాదు. మన్సూరా ఉపాధ్యాయుల సంఘం ప్రతి ఏడాదీ జనవరి సెలవుల్లో ఈజిప్టు దక్షిణాన లక్సర్ నుంచి అస్వాన్ దాకా నదిలో ఓడ ప్రయాణం పెడుతుంది. వెళ్లేవాళ్లందరూ గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి. ఇనాస్ కార్డు గడువు తీరిపోయింది. ఆ మాట చెబితే షౌకి పేపర్లోంచి తలెత్తకుండా, "పాతదే ఇద్దాంలే, సంఘం వాళ్లతో నేను మాట్లాడతాను" అన్నాడు. అక్కడే ఆమెకు ఎక్కడో చురుక్కుమంది. ఆమె బదిలీ కోసం ఎవరితోనూ మాట్లాడని వాడు, వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టరుతో మాట్లాడని వాడు, ఒక కార్డు కోసం వెళ్లి మాట్లాడతాడా? మర్నాడు బడిలో మధ్యాహ్నం విరామంలో ఎవరికీ చెప్పకుండా పౌర రిజిస్ట్రీకి వెళ్లి అర్జంటు ఫారం నింపి వచ్చింది. మూడో రోజున కార్డు చేతికొచ్చింది.

కొత్త కార్డు వస్తే ఎవరైనా ముందు ఫొటో చూసుకుంటారు. తనూ అదే చూసింది, అచ్చం అమ్మలాగే ఉన్నాననుకుంది. బస్సెక్కబోతూ వెనక్కి తిప్పింది. ఉద్యోగం: ఉపాధ్యాయిని. ఆ కిందనే పెళ్లయిందనీ, మొగుడి పేరు ఫలానా అనీ ఉండాలి. అక్కడ మొగుడి పేరు లేదు. 'విడాకులైన స్త్రీ' అని ఉంది. బస్సు వదిలేసి మళ్లీ రిజిస్ట్రీ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. "మిషన్ తప్పు రాసిందమ్మా" అంటే లోపలున్న గుమస్తా ఆమెను జాలిగా చూసి, "మిషన్ దానంతటది ఏమీ రాయదు మేడమ్. ఎవరో కాగితం పెడితేనే రాస్తుంది. విడాకుల తారీఖు కావాలంటే వేరే దరఖాస్తు, వేరే రోజు" అంది.

ఇనాస్ వేరే రోజు వెళ్లలేదు. భయమేసింది. భయంతో పాటు ఒక పంతం కూడా పట్టుకుంది. పదకొండు రోజులు నోరు మూసుకుని షౌకిని చూస్తూ ఉండిపోయింది. తప్పు మిషన్‌దైతే, ఓడలో గది ఇచ్చే గుమస్తా కార్డు తిప్పినప్పుడు ఆయనకు కోపం వస్తుంది, అరుస్తాడు. మిషన్‌ది కాకపోతే ఏం చేస్తాడో చూడాలి. పిల్లలు కాపీ కొట్టేటప్పుడు ఆమె ఎప్పుడూ చేతులు చూడదు, ముఖాలే చూస్తుంది. రైల్లో లక్సర్ దాకా ఆయన నిద్రపోతూ కూడా ఆ జేబు మీద చెయ్యి తియ్యలేదు.

లక్సర్లో ఓడలు నాలుగేసి పక్కపక్కన ఆనుకుని నిలబడతాయి. తమ ఓడకు చేరాలంటే మూడు ఓడల హాళ్లలోంచి నడవాలి. ఇనాస్ ఒక చేత్తో ఆకుల డబ్బా, ఇంకో చేత్తో అత్తగారి రెక్క పట్టుకుని నడిచింది. సామాను షౌకి మోయలేదు, నడుం నొప్పట. రిసెప్షన్‌లో వరస కట్టారు. ఈజిప్టు దంపతులైతే కార్డు వెనక చూడందే గది తాళం ఇవ్వరు. ముందు నిలబడ్డ షేక్ బయ్యూమి, మన్సూరాలో సగం పెళ్లిళ్లూ విడాకులూ రిజిస్టరు చేసే మాజూన్, తన కార్డూ, హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసే తన భార్య కార్డూ బల్ల మీద పడేసి తాళం తీసుకుని పోయాడు.

ఇనాస్ కార్డు ఇచ్చింది. గుమస్తా కార్డు ఇంకా తిప్పనైనా లేదు, షౌకి కోటులోంచి కవరు తీసి ఇరవై మూడేళ్ల నాటి పెళ్లి కాగితాన్ని బల్ల మీద పరిచేశాడు.

అడక్కముందే.

ఏ తప్పూ చెయ్యని మొగుడు పెళ్లి కాగితం జేబులో వేసుకుని తిరగడు. ఆయనకు తెలుసు. ఎంతకాలంగానో తెలుసు. గుమస్తా కాగితం చూశాడు, కార్డు తిప్పి చూశాడు, గొంతు తగ్గించి, "సార్, కాగితం పాతది, కార్డు కొత్తది. నేను కొత్తదాన్నే నమ్మాలి" అన్నాడు.

"ఏంటయ్యా నువ్వనేది? నా పెళ్లాన్ని నా పక్కన పెట్టుకుని, నన్నే..." అని షౌకి గొంతు పెంచాడు. పెంచాడే గానీ చూపు మాత్రం ఇనాస్ వైపు దొంగగా వచ్చి పోయింది. వెనక వరసలోవాళ్లు మెడలు సాచి చూశారు. అత్తగారు అందుకుంది: "నేను వాడి తల్లినిరా నాయనా! ఇది నా కోడలు! ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?"

"మీరు చెప్పండి మేడమ్," అన్నాడు గుమస్తా.

ఇనాస్ ముఖం మండిపోతోంది. ఇంతమంది ముందు తనని ఎవడి వెంటో వచ్చిన మనిషిలా నిలబెట్టారు. అయినా గుమస్తా కళ్లలోకి చూసింది. "కార్డు ప్రభుత్వం ఇచ్చింది కదా బాబూ. దాన్నే నమ్మండి. నాకు వేరే గది ఉందా?" ఆఖరి నిమిషంలో ఎవరో రానందువల్ల చిన్న గది ఒకటి ఖాళీగా ఉంది. అనుకున్న గదిలో దంపతుల మంచం పక్కన అత్తగారికి మడత మంచం వేయించే ఏర్పాటు ఉండేది. ఇప్పుడు పెద్ద మంచం తల్లీకొడుకులకు పోయింది. ఇనాస్ తన గది తలుపు లోపల గడియ పెట్టుకుని, బూట్లు కూడా విప్పకుండా పక్క మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపయ్యాక చూసుకుంటే తనొక్కతే పడుకోబోయే గదిలో ఉండడం జీవితంలో ఇదే మొదటిసారి. ఆ సంతోషం మీద కూడా ఆమెకు అనుమానమే కలిగింది.

మర్నాడు ఎడ్‌ఫూలో గుర్రబ్బండి దిగి గుడిలోకి నడిచేటప్పుడు అత్తగారి మోకాళ్లకు మళ్లీ కోడలి భుజమే కావలసి వచ్చింది. గైడు గోడ మీది పడవ బొమ్మ చూపిస్తూ, హాతోర్ దేవత ఏడాదికోసారి పడవెక్కి ఈ గుడికొచ్చేదనీ, మొగుడి దగ్గర పద్నాలుగు రోజులుండి మళ్లీ తన గుడికి తను వెళ్లిపోయేదనీ చెప్పాడు.

"అదేం కాపురమే తల్లీ! మరి మిగతా రోజులు ఆయనకు వండిపెట్టిందెవరు?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

గుంపు ముందుకు సాగింది. ఇనాస్ ఆవిణ్ణి స్తంభం నీడలో రాతి దిమ్మ మీద కూర్చోబెట్టింది. కాపీ పట్టుకోవాలంటే కాపీ కొట్టావా అని అడక్కూడదు, ఎవడి పేపర్లో చూసి కొట్టావని అడగాలి. "అత్తమ్మా, ఆ తలాక్ కాగితం ఇంటికొచ్చినప్పుడు అందుకున్నట్టు వేలిముద్ర వేసింది మీరేనటగా?" అంది తాపీగా.

ముసలావిడ నోరు తెరుచుకుంది. "ఎవడు చెప్పాడు? వాడేనా? చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుని వాడే చెప్పాడా?"

అంతే, అడ్డుకట్ట తెగిపోయింది. ఏడేళ్ల క్రితం ఇనాస్ తల్లికి జబ్బు చేసి దమన్‌హూర్ ఆస్పత్రిలో పడింది. ఇనాస్ వెళ్లింది. తల్లి పోయింది. నలభయ్యో రోజు దాకా అక్కడే ఉంటానని ఫోన్లో చెప్పింది. "ఇంట్లో అన్నం వండే దిక్కు లేదు, వస్తావా రావా?" అన్నాడు షౌకి. రానంది. ఆ కోపంలో వెళ్లి ఎవరో పొరుగూరి మాజూన్ దగ్గర తలాక్ రాయించేశాడు. నోటీసు మన్సూరా ఇంటికే వచ్చింది. అత్తగారు తీసుకుని బీరువాలో బట్టల కింద పెట్టింది.

"కోపంలో చేశాడే. నువ్వొచ్చాక మనసు కరిగింది, తిరిగి తీసుకున్నాడు. ఇంకేం కావాలి?"

"తీసుకున్నానని ఎవరితో చెప్పాడు?"

"నాతో చెప్పాడుగా!" అంది అత్తగారు, అంతకంటే పెద్ద రిజిస్టరు లేనట్టు. "నీకు చెప్తే బాధపడతావనే దాచాం. నీ కాపురం నిలబెట్టిందాన్ని నేను. ఇదిగో, ఆ చెయ్యి ఇలా ఇవ్వు, ఎండెక్కుతోంది."

ఇనాస్ చెయ్యి ఇచ్చింది. ముసలి మోకాళ్ల మీద కక్ష తీర్చుకునే మనిషి కాదు. కానీ బండి దాకా నడిచినంతసేపూ కళ్ల ముందు ఏడేళ్లు తిరిగాయి. ఉపవాస మాసంలో రోజూ ఇరవై మందికి వంట. ఆడబిడ్డ పురుళ్లు రెండు. ఈ మోకాళ్ల ఆపరేషన్, మూడు నెలల మంచం చాకిరీ. ఆయన చొక్కాలు, ఆయన మాత్రలు, ఆయన స్నేహితుల కాఫీలు. తను మొగుడిల్లు అనుకుని చేసింది. వాళ్లిద్దరికీ మాత్రం తెలుసు. తెలిసే రోజూ పొద్దున్నే టీ అడిగి తాగారు. ఒక్కసారైనా ఆ తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారా? ఆ ఒక్క ప్రశ్న ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కోసేసింది.

మధ్యాహ్నం ఓడ కొమ్ ఒంబో వైపు సాగుతుండగా షౌకి డెక్ మీద ఆమె పక్క కుర్చీలోకి వచ్చాడు. తల్లి చెప్పేసినట్టుంది. "ఇంత చిన్న విషయాన్ని నలుగురిలో పెట్టావు. నాతో ఒక మాట అంటే సరిపోయేది కదా?" అన్నాడు.

"చిన్న విషయమా?"

"నేను నిన్ను గెంటేశానా? ఇంకో పెళ్లి చేసుకున్నానా? ఈ ఏడేళ్లలో ఒక్క రోజైనా నిన్ను పరాయిదానిలా చూశానా చెప్పు, ఇనాస్."

ఆమె నిజంగానే ఆలోచించింది. లేదు. తలాక్ ముందు ఎలా చూశాడో తరవాతా అలాగే చూశాడు. పెళ్లాంగా ఉన్నప్పుడూ, కానప్పుడూ ఆయన ప్రవర్తనలో వీసమెత్తు తేడా లేదు. అది తన గొప్పగా చెప్పుకుంటున్నాడు.

"మరి ఏడేళ్లుగా సరిచేయించలేదేం?"

"ఆఫీసు పనులు. వెళ్దాం, వెళ్దాం అనుకుంటూనే..." అన్నాడు. పనులా? ఎప్పుడైనా అవసరం పడితే వాడుకుందామని దాచుకున్నాడా? ఆయన కళ్లలో వెతికింది. అక్కడ ఏదీ దొరకలేదు, చిరాకు తప్ప. "ఇప్పుడైనా మించిపోలేదు. షేక్ బయ్యూమితో మాట్లాడాను. ఆయన నిన్ను ఒక్క మాట అడుగుతాడు. అవునను, చాలు. ఇంటికెళ్లాక కార్డు మారిపోతుంది."

షేక్ బయ్యూమి డెక్ చివర గుడారం నీడలో పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చున్నాడు. ఇనాస్‌ను చూసి గింజల పొట్లం పక్కన పెట్టి, ఎదుటి కుర్చీ చూపించాడు. షౌకి, తల్లి ఆయనకు చెరోపక్కన కూర్చున్నారు.

"అమ్మా ఇనాస్," అన్నాడు షేక్, "నా పుస్తకం మన్సూరాలో ఉంది. ఇక్కడ రాసేదేమీ లేదు. కానీ ముందు ఒక సంగతి తేలాలి. షౌకి తలాక్ ఇచ్చాడు, అది ప్రభుత్వంలో నమోదైంది. ఆ తరవాత మూడు నెలల గడువు లోపలే నిన్ను తిరిగి తీసుకున్నాననీ, నీకు చెప్పాననీ అంటున్నాడు. కాగితమేమీ లేదు. అందుకని నీ మాటే మిగిలింది. చెప్పాడని నువ్వంటే, ఆ దారి నేను చూస్తాను. చెప్పలేదంటే, ఏడేళ్ల కిందటే మీ ఇద్దరికీ తెగిపోయినట్టు. తొందరేమీ లేదు, ఆలోచించుకో. ఏది చెప్పినా జనం నోళ్లు ఊరుకోవు, అదీ గుర్తుంచుకో."

గుర్తుంచుకోకుండా ఎలా ఉంటుంది? స్టాఫ్ రూములో గుసగుసలు అప్పుడే చెవిలో వినబడుతున్నాయి, ఏడేళ్లు మొగుడు కానివాడితో ఉందట అని. అలెగ్జాండ్రియాలో చదువుకుంటున్న కూతురు రహ్మాకు ఈ మాట ఏ నోటితో చెప్పాలి? 'అవును' అంటే ఇవేవీ ఉండవు. ఒక్క అబద్ధం. ఇంట్లో మూడేళ్లకోసారి సున్నం వేసినట్టు అంతా తెల్లగా అయిపోతుంది.

"చెప్పాను కదా ఇనాస్," షౌకి ముందుకు వంగి అన్నాడు. గొంతులో కొత్త తియ్యదనం. "నువ్వు దమన్‌హూర్ నుంచి వచ్చిన రోజే చెప్పాను. గుర్తు తెచ్చుకో."

ఆమె గుర్తు తెచ్చుకుంది. తల్లిని మట్టిలో పెట్టి నలభై రోజులైంది. నల్ల బట్టలు కూడా మార్చకుండా సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన తలుపు తీశాడు. ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా ఆమె చెవుల్లో ఉంది. షేక్ ఎదురు చూస్తున్నాడు. అత్తగారు తలగుడ్డ చివర వేలికి చుట్టుకుంటోంది. ఓడ కింద నీళ్లు నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి. ఇనాస్‌కు భయం పోలేదు. కానీ ఎవరూ చెయ్యి పట్టి ఆపకపోతే తను ఏం చెప్పబోతుందో ఆమెకు తెలుసు.

"లేదు షేక్ గారూ, చెప్పలేదు," అంది. "ఆ రోజు ఈయన నాతో అన్నది ఒకటే మాట. గిన్నెలు పేరుకుపోయాయి, ముందవి తోమమన్నాడు. పరాయివాళ్ల గిన్నెలని తెలిసుంటే తోమేదాన్ని కాదు."