చెంచాడు ఉప్పు బరువు

పచ్చళ్ళ బీరువాకి తాళం వేసి పది రోజులైంది. తాళంచెవి బ్లెస్సీ దగ్గరే ఉంది. అయినా ఆ ఉదయం తండ్రి పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. పూడడానికి అర నిమిషం పట్టింది.

సుభాష్ మాస్టారు రాజోలులో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పారు. ఇప్పుడు గుండె బలహీనపడింది. ఒంట్లో నీరు చేరితే ప్రమాదమని, రోజుకి మూడు గ్రాములకి మించి ఉప్పు తగలకూడదని అమలాపురంలో డాక్టరు చెప్పాడు. నెలలో రెండుసార్లు నీరు చేరింది. మూడోసారి చేరితే తన చేతుల్లో ఉండదన్నాడు. ఈయన దొంగచాటుగా తింటున్నారు, కనిపెట్టి ఉండమన్నాడు.

బ్లెస్సీ తండ్రిని నిలదీసింది. తినలేదన్నారు. మళ్ళీ అడిగింది.

"ఎన్నిసార్లడిగినా అదే జవాబమ్మా," అని ఆయన గోడవైపు తిరిగిపోయారు.

తాళం భద్రంగా ఉంది. ఇక ఆయన కంచంలోకి ఉప్పు వెళ్ళే దారి ఒక్కటే. చెంచా.

బ్లెస్సీ ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. ఏదైనా కాటా మీద తూచడమే అలవాటు. తండ్రిని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు గళ్ళుప్పు చెంచాడు తీసి, పైన వేలితో సమంగా గీసి తూచింది. సరిగ్గా మూడు గ్రాములు. అమ్మ రేచలమ్మకి గ్రాముల గొడవ ఎందుకని రోజుకి ఒక చెంచా అని చెప్పింది. కూరలో వెయ్యొద్దు, వడ్డించాక పైన చల్లమంది.

వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా మూత తీసింది. గళ్ళు లేవు. మెత్తటి పొడి.

చెంచాడు తూచింది. ఐదున్నర.

మళ్ళీ తూచింది. ఐదున్నరే. గళ్ళ మధ్య ఉండే సందులు పొడిలో లేవు.

రేచలమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఉప్పు పొడి చేస్తున్నావా అని మామూలుగా అడిగింది బ్లెస్సీ.

"మొదటి వారం నుంచీ మిక్సీలో వేస్తున్నానే. గళ్ళయితే ఓ ముద్దకి తగిలి ఓ ముద్దకి తగలట్లేదు. ఉన్న కాస్తా ప్రతి ముద్దకీ అందాలి కదా."

బ్లెస్సీ తండ్రి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. కాటా మంచం మీద పెట్టి రెండు రకాలూ తూచి చూపించింది. చెంచా లెక్క చెప్పింది తనే, తప్పు తనదేనంది. అనుమానించినందుకు క్షమించమంది.

మాస్టారు కాటా మీది అంకెల వంక చూశారు.

"మీ అమ్మకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు నాన్నా."

"చెప్పకు. తన చేత్తోనే పెట్టేనని తెలిస్తే బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. ఇక నుంచి నువ్వు తూచి పొట్లాలు కట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, సాయంత్రం నడకకని వెళ్ళి సెంటర్లో బజ్జీలు తింటున్నానని భార్యతో చెప్పారు. ఇక ఈయన్ని నమ్మలేమని, ఉప్పు తనే తూచి ఇస్తానని బ్లెస్సీ అంది.

రేచలమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ముప్పై రెండేళ్ళు పిల్లలకి అబద్ధమాడొద్దని చెప్పేరు. మీకు సిగ్గు లేదండీ?"

"ఆయ్. తప్పయిపోయింది."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, బ్లెస్సీ తూచి ఇచ్చిన పొట్లం విప్పింది. గళ్ళని వేళ్ళతో నలుపుతూ అన్నమంతా తగిలేలా చల్లింది. మాస్టారు తలెత్తకుండా తిన్నారు. ఒక్క మెతుకు వదల్లేదు.