వెనక్కి నడపకూడని ఓడ

ఇసొగాయ్ మత్సుజిరో చెవిన పడేలా ఆ ఓడని ఎవరూ నెంబరుతో పిలవకూడదు. నౌకాదళం దానికి నలభై నాలుగో గస్తీ నౌక అని పేరు పెట్టింది. పేరు పెట్టిందనడం కూడా తప్పే, ఉన్న పేరు పీకేసింది. పడుచుతనంలో అది యమాబుకి. టార్పెడోలతో శత్రువు మీదికి దూకే డిస్ట్రాయర్. ముసలిదయ్యాక రేవు కర్మాగారంలో దాని బాయిలర్లు సగం లాగేశారు, పొగగొట్టం ఒకటి కోసేశారు, టార్పెడో గొట్టాలు ఊడబెరికారు. అన్నిటికన్నా ఘోరం, వెనక భాగాన్ని చెక్కేసి జారుడుబల్లలా నీటిదాకా వాల్చేశారు. దీవుల్లో సైనికుల్ని, సరుకుల్ని దించే పడవలు అక్కడినుంచి జారాలట. ఆ వాలు మీదికి కెరటాలు ఎక్కి దిగుతుంటే ఇసొగాయ్ అటువైపు కన్నెత్తి చూసేవాడు కాదు. కట్టుకున్నదాని తల గొరిగించి వీధిలో నిలబెట్టినట్టుండేది అతనికి.

ఇసొగాయ్ ఆ ఓడ సరంగు. నూనూగు మీసాల నాటినుంచీ దాని చుక్కాని చక్రమే పట్టుకున్నాడు. మంచి ఓడలు ఇస్తామన్నా వెళ్లలేదు. కొత్తగా వచ్చిన కెప్టెన్ తాచికావా యుద్ధం రాకముందు ఉల్లిపాయలూ అవీ మోసే సరుకుల ఓడ నడిపినవాడు. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ కొట్టడు. అందుకే ఇసొగాయ్‌కి ఆయనంటే లెక్కలేదు. వెనకాల "ఉల్లిపాయల కెప్టెన్" అనేవాడు.

"వాలు మీద పడవ ఉండగా ఓడని వెనక్కి నడపొద్దు ఇసొగాయ్. సముద్రం లోపలికి ఎక్కేస్తుంది" అని కెప్టెన్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఇసొగాయ్ చిత్తం అన్నాడు. యమాబుకిని ఎలా నడపాలో ఉల్లిపాయలమ్మినవాడు తనకి నేర్పడమేమిటని లోలోపల మండిపడ్డాడు.

ఆ వాలు దగ్గర పనిచేసేవాళ్లలో హెయ్‌కిచి ఒకడు. ముప్పై ఏళ్లవాడు, చేపలు పట్టుకునేవాడు, ఇసొగాయ్ భార్య తొమికి ఒక్కగానొక్క తమ్ముడు. వాడికి సైన్యం పిలుపు వచ్చినప్పుడు తొమి మొగుడి కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. "నీ కళ్ల ముందే ఉంచుకోవయ్యా, మళ్లీ నీ చేత్తోనే నాకు అప్పజెప్పు" అంది. ఇసొగాయ్ ఎవరెవరి గడ్డాలో పట్టుకుని బావమరిదిని తన ఓడ మీదికే వేయించుకున్నాడు. ముసలి ఓడ, దీవులకి బియ్యం మోసుకునే పని, ఇంతకన్నా భద్రమైన చోటేముంటుంది? వాణ్ణి ప్రాణాలతో ఇంటికి చేర్చడం ఒక్కటే అతనికి ఈ యుద్ధంలో మిగిలిన కోరిక.

అయితే బావమరిదిని వెనకేసుకొస్తున్నాడన్న మాట మాత్రం పడదలుచుకోలేదు. దుడ్డుకర్రతో ఒళ్లు చితక్కొట్టి బుద్ధి చెప్పడం ఆ నౌకాదళంలో మామూలే. మిగతావాళ్లకి పడే దెబ్బలకన్నా హెయ్‌కిచికి నాలుగు ఎక్కువే పడేవి.

రబౌల్ రేవు నుంచి బయల్దేరిన మర్నాడు కెప్టెన్, డెక్కు నుంచి డెక్కుకి మాట్లాడే గొట్టాలన్నీ పనిచేస్తున్నాయా అని పరీక్షిస్తూ వెనక డెక్కుని పిలిచాడు. హెయ్‌కిచి గొంతు ఖంగుమంది. "నలభై నాలుగో గస్తీ నౌక, వెనక డెక్కు!" కెప్టెన్ మెచ్చుకున్నాడు. పక్కనే చక్రం పట్టుకున్న ఇసొగాయ్ మొహం మాడిపోయింది.

సాయంత్రం అందర్నీ వరసగా నిలబెట్టాడు.

"పొద్దున ఏమని కూశావురా?"

"కెప్టెన్ గారు అలాగే అనమన్నారు, సరంగు గారూ."

"కెప్టెన్లు ఇవాళొస్తారు, రేపు పోతారు. ఓడ పేరేంటి?"

"యమాబుకి."

"మరి ఆ అంకె నీ నోట్లోకి ఎలా దూరింది? వంగు!"

హెయ్‌కిచి కమ్మీ పట్టుకుని వంగాడు. కర్ర పిర్రల మీదా తొడల మీదా పడుతోంది. అరిస్తే మళ్లీ మొదట్నుంచి మొదలవుతుందని వాడికి తెలుసు. పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. అందరూ చూస్తున్నారన్న ఆలోచనతో ఇసొగాయ్ చెయ్యి ఇంకా బరువెక్కింది. వాడి మోకాళ్లు మడతపడేదాకా ఆగలేదు.

రాత్రి భోజనాల దగ్గర హెయ్‌కిచి బోర్లా పడుకుని బార్లీ అన్నం తిన్నాడు. జతగాడు నెమొతొ వాడి నోటికి ముల్లంగి ఊరగాయ అందిస్తున్నాడు.

"మీ బావ నిన్ను చంపేస్తాడ్రా ఏదో ఒకనాడు."

"బావ గనక అంత ఓపిగ్గా కొట్టాడు. పరాయివాడైతే మధ్యలోనే విసుగొచ్చి పోయేవాడు." నవ్వబోయి మూలిగాడు. "మా అక్కతో మాత్రం చెప్పకురోయ్. ఆవిడ ఆయన్ని బతకనివ్వదు."

నిచ్చెన మీద నిలబడి ఈ మాటలన్నీ విన్నాడు ఇసొగాయ్. లోపలికెళ్లి మందు రాద్దామనిపించింది. నలుగురి ముందూ సిగ్గనిపించింది. పొద్దున చూద్దాంలే అనుకుని వెనుదిరిగాడు.

పొద్దున దీవి దగ్గరికి చేరారు. సైనికులతో మొదటి పడవ వాలు మీంచి జారి ఒడ్డుకి వెళ్లిపోయింది. రెండో పడవ నిండా బియ్యం బస్తాలు. నెమొతొ, హెయ్‌కిచి, ఇంకొందరు దాని కట్లు విప్పేశారు. కాళ్లు బిగుసుకుపోయి హెయ్‌కిచి కర్రలా నడుస్తున్నాడు. ఓడ మెల్లగా ముందుకి పోతోంది.

"ముందు దిబ్బ!" అని పైనుంచి కాపలావాడు కేకేశాడు. నీళ్లకింద పగడపు దిబ్బ తెల్లగా నురగలు కక్కుతోంది.

"ఇంజన్ ఆపు!" అన్నాడు కెప్టెన్.

ఆపమన్నాడంతే. కానీ ఇసొగాయ్ చెయ్యి ఏళ్ల తరబడి చేసిన పనే చేసింది. ఇంజన్ గదికి సంకేతం పంపే పిడిని పట్టుకుని పూర్తిగా వెనక్కి లాగేసింది. ఒకప్పుడు యమాబుకి ఎంత పరుగులో ఉన్నా ఆ ఒక్క లాగుడుతో తన నిడివిలోనే నిలబడిపోయేది. ఆ తమాషా చూడ్డానికి పక్క ఓడలవాళ్లు కమ్మీల దగ్గర గుమిగూడేవాళ్లు.

ఓడ వణికింది, ఆగింది, వెనక్కి కదిలింది. సముద్రం ఆ వాలు మీదుగా గోడలా ఎక్కింది. కట్లు విప్పిన పడవని తిరగేసి డెక్కుకి కొట్టింది. నిలబడ్డవాళ్లలో కొందరు ఎగిరి గొలుసులు పట్టుకున్నారు. మిగతావాళ్లని తిరిగిపోతున్న నీళ్లు ఊడ్చుకుపోయాయి.

"ఆపు! ఆపు! ఏం చేశావయ్యా!" కెప్టెన్ తనే వచ్చి పిడిని ఆపే గుర్తు దాకా తోశాడు.

ఇసొగాయ్ వెనక్కి తిరిగి చూశాడు. నీళ్లలో బస్తాలు తేలుతున్నాయి. వాటి మధ్య తలలు. ఒక బల్లచెక్క పట్టుకుని ఒకడు చెయ్యి ఊపుతున్నాడు. గుండుతల, పక్కకి నిక్కిన చెవులు. పుట్టింటి పోలిక, తొమికీ అవే చెవులు.

సరిగ్గా అప్పుడే కాపలావాడు మళ్లీ అరిచాడు. "విమానం! ఎండ వైపునుంచి!"

కెప్టెన్ ఆకాశం కేసి చూశాడు, నీళ్ల కేసి చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఇసొగాయ్, వెనక మీ బావమరిది ఉన్నాడు కదా? ఒక్కమాట చెప్పు. చిన్న పడవ దింపిస్తాను. వచ్చేది వస్తుంది, ఆగుదాం."

పక్కన కుర్ర అధికారి వింటున్నాడు. గొట్టం దగ్గర కూర్చున్నవాడూ వింటున్నాడు. తన వల్ల ఇంత జరిగాక, తన బంధువు కోసం ఓడనే పణంగా పెట్టించాడని రేపు అందరూ చెప్పుకుంటారు. ఊ అంటే చాలు.

"యుద్ధనౌకలో బావమరుదులుండరు, కెప్టెన్ గారూ" అన్నాడు. "ఇక్కడ నిలబడితే అందరం చస్తాం. తిప్పేస్తున్నాను."

అనుభవమున్నవాడి మాట కదా అని కెప్టెన్ సరేనని తలూపాడు. ఇసొగాయ్ చక్రం తిప్పాడు. ముసలి ఓడ మూలుగుతూ దిబ్బకి దూరంగా, నీళ్లలో ఉన్నవాళ్లకి దూరంగా మళ్లింది. ఒక్కసారి వెనక్కి చూశాడు. చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది.

విమానం తలమీదికొచ్చింది. తుపాకులు పైకెత్తినవాళ్లు కాల్చకుండా ఆగిపోయారు. రెక్కల కింద జెండాలో ఉండే ఎర్రటి గుండ్రాలు. మనదే. పైలట్ రెక్కలు ఊపి పలకరించి తన దారిన పోయాడు. డెక్కు మీద ఎవడో పిచ్చివాడిలా నవ్వాడు.

"వెనక్కి తిరుగు" అన్నాడు కెప్టెన్, ఇసొగాయ్ మొహం చూడకుండా.

సగం బాయిలర్లున్న ఓడ అంత త్వరగా తిరుగుతుందా! ఇసొగాయ్ తిట్టాడు, బతిమాలాడు, తొమి పేరు కూడా పైకే అన్నాడు. ఎవరు వింటున్నారో అప్పుడతనికి పట్టలేదు. తీరా చేరేసరికి బస్తాలు మునిగిపోయాయి. బల్లచెక్క పట్టుకుని నెమొతొ ఒక్కడే ఉన్నాడు.

చక్రం ఇంకొకరికి వదిలేసి ఇసొగాయ్ కిందికి పరిగెత్తాడు. డెక్కు మీద నీళ్లు కక్కుతున్న నెమొతొ భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"మావాడేడిరా? హెయ్‌కిచి ఏడీ?"

నెమొతొ అతన్ని ఎగాదిగా చూశాడు. సరంగంటే ఉండే భయం ఆ కళ్లలో మచ్చుకైనా లేదు.

"కాళ్లు కదలట్లేదన్నాడు. చెక్క పట్టుకుని నాతోపాటే ఉన్నాడు. నేను అరుస్తుంటే ఊరుకోమన్నాడు. చక్రం దగ్గర మా బావే ఉన్నాడు, నేను కనబడితే చాలు, వచ్చేస్తాడు అని చెయ్యి ఊపుతూ కూర్చున్నాడు. ఓడ అటు తిరిగింది. అప్పుడు కూడా, బావకి నేను కనబడలేదేమో అన్నాడు. నువ్వు మళ్లీ వెనక్కి చూశావు. నువ్వు చూడ్డం వాడు చూశాడు. ఇంక చెయ్యి ఊపలేదు. చెక్క వదిలేశాడు."

నెమొతొ మళ్లీ నీళ్లు కక్కి మూతి తుడుచుకున్నాడు.

"కనబడలేదా సరంగు గారూ?" అన్నాడు నెమొతొ. "అక్కడినుంచి మేం మీకు కనబడలేదా?"

ఇసొగాయ్ అతని భుజాలు వదిలేశాడు.

"కనబడ్డాడు" అన్నాడు.