మాణిక్యం దూకిన ఆదివారం

వెస్ట్ మారేడ్‌పల్లిలో బ్యూలా టీచర్ ఆదివారం చర్చి నుంచి రాగానే ముందుగదిలో కుర్చీలన్నీ టీవీ వైపు తిప్పుతుంది. పన్నెండయ్యేసరికి వీధిలోవాళ్లు తిట్టడానికి వస్తారు.

వాళ్లు తిట్టేది 'మెరుపు మాణిక్యం' సీరియల్‌ని. ముప్పై ఏళ్ల కింద అది ఒక వారపత్రికలో బొమ్మల కథగా వచ్చింది. మాణిక్యం రైల్వే గేటు దగ్గర పనిచేసేది. నేతచీర కట్టుకునేది. ఎవరికైనా ఆపదొస్తే పిడికిట్లోంచి మెరుపు విసిరేది. రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకి ఆమె ఇంచుమించు మేనత్త. ఇప్పుడు సీరియల్ వాళ్లు ఆమెకి నల్ల రబ్బరు సూటు తొడిగి, మొహానికి ముసుగేసి, గేటు తీసేసి అద్దాల మేడలు పెట్టారు.

టీవీ ఎవరింట్లో వాళ్లకుంది. అయినా ఇక్కడికే రావడం ఎందుకంటే, బ్యూలా టీచర్ ఇంటి టీవీ ముందు ఎవరేమన్నా తెరమీద ఉన్నవాళ్లకి వినపడుతుంది. ఎప్పుడో తీసిన బొమ్మయినా సరే, తీసిన రోజునే వాళ్ల చెవిన పడుతుంది. ఒకసారి టీచర్ "జుట్టు కళ్లల్లో పడుతోందమ్మా" అంటే వార్తలు చదివే పిల్ల సర్దుకుని మరీ చదివింది. ఈ సంగతి వీధిలో ఎవరికీ వింత కాదు. ఫలానా ఇంట్లో నల్లా నీళ్లు బాగా వస్తాయని చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు.

అందరిలోకీ పెద్ద గొంతు బాబూరావుది. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆ బొమ్మల కథ పేజీలన్నీ కత్తిరించి బైండు చేయించి పెట్టుకున్న మనిషి.

"ఏందీ గిది? మాణిక్యం మోటర్‌సైకిల్ మీద ఈల కొడుతదా? సిగ్గుండాలె!"

"గట్టిగ అను అన్నా, డైరెక్టర్‌కి ఇనబడాలె" అనేవాడు పక్కన కూర్చున్న మధుసూదన్. అతను బ్యాంకులో పనిచేస్తాడు.

"కెమెరా వెనకాల ఉన్నవాళ్లకి వినపడదని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఎదురుగా ఉన్నవాళ్లకే" అనేది టీచర్.

ఎవరూ పట్టించుకునేవారు కాదు. తిట్టడం కడుపు నిండే పని.

ఆరు వారాలు అలాగే గడిచాయి. ఏడో వారం, శనివారం సాయంత్రం, వెనక సందులో ఉండే మరిడమ్మ బాబూరావు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఒక హాస్టల్లో వంట చేసుకుంటున్న మనిషి. ఆమె కూతురు లోవలక్ష్మి సినిమాల్లో, సీరియళ్లలో హీరోయిన్లకి బదులు ఎత్తుల మీంచి దూకుతుంది. దూకేది. జనవరిలో షూటింగులో పడి తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. అప్పట్నుంచి వాకర్ పట్టుకుని మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతోంది.

"అన్నియ్యా, మా గుంట లోవలక్ష్మి పడిపోయిన సీను రేపు మాణిక్యంలో ఏస్తారంట" అంది మరిడమ్మ.

"అయితే?"

"ఆ రోజు తాడు కట్టుకుని పైన నిలబడితే దానికేవో గొంతులు వినపడ్డాయంట. దిగవే, నీ మొకానికి మాణిక్యమా అని ఎవులో అరిసారంట. అటు తిరిగింది, కాలు తప్పింది. అక్కడున్నోలెవులికీ వినపడలేదు. మొన్న నువ్వు సందులో కూరల బండోడితో దెబ్బలాడినావు కదా. కిటికీ కాడ కూకుని వింది. అమా, ఆ గొంతిదే అంది."

బాబూరావు మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నవ్ చెల్లె? నేను ఆ సీన్ సూడనే లేదు. సూడని దాన్నెట్ల తిడ్త?"

"రేపు చూస్తావు. రేపు తిడతావు. అదే దానికి జనవరిలో వినపడింది."

"నేను సీరియల్‌ను తిట్టిన. నీ బిడ్డను కాదు."

"ముసుగేసుకుంటే నీకు తెలుస్తాదేటి, ఎవులో?"

"మాణిక్యాన్ని గట్ల ఖరాబు చేస్తే నోరు మూసుకొని కూసోవాల్నా? పో, పోయి సీరియల్ తీసినోళ్లనడుగు" అని తలుపేశాడు. తర్వాత బైండు పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు కాని తెరవలేదు.

ఆదివారం మరిడమ్మ కూడా వచ్చి బ్యూలా టీచర్ గుమ్మం పక్కన కింద కూర్చుంది. సీరియల్ మొదలయింది. మొదటి పదినిమిషాలు గది గదంతా తిట్లే. తర్వాత ఫ్లైఓవర్ వచ్చింది. అంచు మీద నల్ల సూటు, మనవైపు వీపు, నడుముకి సన్నగా మెరుస్తున్న తాడు.

బాబూరావుకి మాట గొంతు దాకా వచ్చింది. మరిడమ్మ టీవీ చూడటం లేదు. అతన్నే చూస్తోంది.

మధుసూదన్ ముందుకి వంగి గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. "దిగ..." అనబోతుంటే బాబూరావు అరచెయ్యి అతని నోటిమీద పడింది. మధుసూదన్ పెనుగులాడాడు, వేలు కొరికాడు. బాబూరావు కిక్కురుమనలేదు. రెండో చేత్తో మిగతావాళ్లకి వద్దు వద్దని సైగ చేశాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే చూసి అందరూ ఆగిపోయారు. వంటింట్లో కుక్కర్ బుసకొట్టడం మొదలుపెట్టింది. టీచర్ పరిగెత్తుకెళ్లి కూత రాకముందే పొయ్యి ఆపేసింది.

తెర మీది పిల్ల కాస్త తల తిప్పింది, వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు. ఎవరూ పిలవలేదు. మళ్లీ ముందుకి తిరిగి, మోకాళ్లు వంచి, దూకింది. కింద వెళ్తున్న లారీ మీద రెండు పాదాలూ ఆనించి, ఒకసారి ఊగి, లేచి నిలబడింది.

మరిడమ్మ కొంగులో ఫోను మోగింది.

"అమా, బోయిన్‌పల్లిలో షూటింగు, లేటయిపోతాది. నా కోసం చూడకు, తినీ."

"కాలెలగుందే?"

"ఏ కాలు?"

మరిడమ్మ, అవతల ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని ఉంది. తెర మీద ఈలోగా ముసుగు తీసేశారు. హీరోయిన్ మొహం వచ్చింది, చెక్కుచెదరని బొట్టు, పెదాలకి రంగు. జనం ఆమె మీద పూలు చల్లుతున్నారు.

మరిడమ్మ లేచింది. కుర్చీల మధ్య నుంచి తోసుకుంటూ వెళ్లి టీవీకి ఎదురుగా నిలబడింది. ఆ ఇంట్లో ఆమె నోరెత్తడం అదే మొదటిసారి.

"ఏటే! దూకింది నా కూతురు. పూలు నీకా? దాని పేరెయ్యమని మీ వోళ్లకి సెప్పు. సెప్పకపోతే ఊరుకోను, ప్రెతీ ఆదివారం వస్తాను!"

హీరోయిన్ నవ్వుతున్నదల్లా ఆగిపోయింది. ఒక్క క్షణం కళ్లు కిందకి దించుకుంది. తర్వాత డైలాగు చెప్పింది.

ఆ వారం సీరియల్ అయిపోయినా ఎవరూ లేవలేదు. పేర్లు గబగబా పైకి పోతున్నాయి. బాబూరావు తెరకి దగ్గరగా వెళ్లి, కళ్లు చికిలించి, ఒక్కో వరుసా వెతుక్కుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"ఫ్లైఓవర్ మీది దూకుడు," అని వీధి చివరిదాకా వినపడేటట్టు చదివాడు, "గొర్లె లోవలక్ష్మి!"