నలభైకి సున్నా

ఇప్పుడే చూసిన బొమ్మ ఒక్క క్షణం కూడా తాత తలకాయలో నిలవడం లేదని శనివారం పొద్దున నవత కనిపెట్టింది.

లాప్‌టాప్ తెర మీద అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ప్రశ్నలు నలభై. సరైన జవాబులు సున్నా. నవత కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. సున్నా అక్కడి నుంచి కదల్లేదు.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఆమె తాత కట్టయ్య కూర్చుని ఉన్నాడు. చెప్పులు కాళ్లకే ఉన్నా, కుర్చీ కింద వాటి కోసమే వెతుకుతున్నాడు.

"ఏందే బిడ్డా, పాసైనట్టేనా?"

"చూస్తాన తాతా. జర ఆగు."

వంటింటి గడపలో నిలబడి ఉన్న కట్టయ్య భార్య, నవతకు బాపమ్మ అయిన సమ్మమ్మ నిట్టూర్చింది. "వారం సంది గిట్లనే జేస్తాండు. నిన్న నన్ను పట్టుకొని నువ్వెవలింటి దానివమ్మా అని అడిగిండు."

"మరి నువ్వేమన్నవ్ బాపమ్మా?"

"పక్కింటిదాన్ననే చెప్పిన. అట్లనన్న మర్యాదగ మాట్లాడ్తడని."

మామూలు వారమైతే నవత దీన్ని దవాఖానకు వదిలేసేది. కానీ తెల్లారితే ఆదివారం. ఆదివారం పంచాయితీ.

కొత్తవాడలో వీళ్ల ఇంటికి నాలుగిళ్ల అవతల సదానందం ఇల్లు. ఆ ఇంట్లో రోడ్డు వైపు ఒక గది ఉంది. భర్త పోయి పుట్టింటికి వచ్చిన సదానందం చెల్లెలు సోమక్క అందులో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. బతుకుదెరువు అదే. ఇప్పుడు సదానందం ఆ గదిని మొబైల్ షాపుకు ఇస్తానంటున్నాడు. నాయిన పోయేముందు గది తనకే అన్నాడని సోమక్క అంటుంది. కాగితం లేదు. ఆ పూట ముసలాయన మంచం దగ్గర ఉన్న బయటి మనిషి ఒక్కడే, కట్టయ్య. ఆయన అవునంటే మిషన్ గదిలో ఉంటుంది. ఆయన నోరు విప్పకపోతే మిషన్ రోడ్డు మీదికి వస్తుంది.

పంచాయితీ పెడతారన్న మాట పుట్టేదాకా కట్టయ్య జ్ఞాపకశక్తికి కొత్తవాడ అంతా భయపడేది. ఎవరి పెళ్లిలో పప్పు మాడిందో, మాడిందని మొదట ఎవరు అన్నారో కూడా చెప్పేవాడు. అలాంటి మనిషి వారం రోజుల్లో ఖాళీ అయిపోయాడు. సరిగ్గా ఆ వారమే సదానందం రోజూ సాయంత్రం వచ్చి ఆయన్ని కల్లుకు తీసుకుపోతున్నాడు.

నవత అనుమానం మొదట కల్లు మీదికి పోయింది. అందులో ఏం కలిపి తాగిస్తున్నాడో అనుకుంది.

అనుమానాన్ని తేల్చుకునే దారి ఆమె దగ్గర ఉంది. హన్మకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆమె చేస్తున్న పరిశోధనే ఇది. కళ్ల ముందు నుంచి పోయిన వస్తువును మెదడు కాసేపు ఎలా పట్టుకుని ఉంటుంది? బాపమ్మకు ఆమె దీన్ని బతుకమ్మ ఆటతో చెప్పింది. మెదడు ముందు భాగంలో కణాలు గుండ్రంగా ఆడే ఆడవాళ్లలాంటివి. ఒకరి చప్పట్లు పక్కవాళ్లను ఆడిస్తాయి, వాళ్లవి ఇంకొకరిని. మొదలుపెట్టినామె ఆగినా పాట ఆగదు. వలయం తిరుగుతున్నంతసేపు చూసింది గుర్తుంటుంది. చాలామంది ఒకేసారి అలిసినా, పక్కనే ఎవరైనా డీజే పెట్టినా పాట చెడిపోతుంది. ఒక వాకిట్లో మూడు నాలుగు వలయాలు మించి పట్టవు కూడా. అందుకే ఎవరైనా గబగబా పది పేర్లు చెబితే మనకు మూడు నాలుగే మిగులుతాయి.

అలాంటి వలయాలను నవత కంప్యూటర్‌లో లెక్కలతో కట్టింది. మనిషికి పెట్టే పరీక్షే, పొద్దున తాతకు పెట్టిందే, ఆ ప్రోగ్రాంకూ పెడుతుంది. నేల మీద పరిచే జంపఖానా డిజైన్ ఒకటి కాసేపు చూపించి తీసేయాలి. కొంచెం ఆగి రెండు డిజైన్లు పక్కపక్కన చూపించి, ఇందులో ఏది చూశావని అడగాలి. ప్రోగ్రాంలో కణాల మధ్య బంధాలు వదులు చేస్తే అది ముసలివాళ్లలా తప్పులు చేస్తుంది. గోల పెంచితే తాగినవాళ్లలా చేస్తుంది. సమ్మమ్మ దానికి మల్లిగాడని పేరు పెట్టింది.

నవత తలుపు దగ్గరికి వేసి మల్లిగాడిని చెడగొట్టడం మొదలుపెట్టింది. తాత ఎంత పాడయ్యాడో వాడినీ అంత పాడు చేస్తే, ఏది తెగిందో తెలుస్తుంది.

బంధాలు కొద్దిగా వదులు చేసింది. ముప్పై నాలుగు ఒప్పులు. ఇంకా వదులు చేసింది. ఇరవై ఎనిమిది. కల్లు కుండలు కుమ్మరించినంత గోల పెట్టింది. ఇరవై రెండు. చివరికి కోపం వచ్చి బంధాలన్నీ తెంచేసింది. ఇప్పుడు మల్లిగాడి తలకాయలో ఏమీ లేదు. చూసింది చూసినట్టే పోతోంది.

ఫలితం వచ్చింది. నలభైకి ఇరవై ఒకటి.

మళ్లీ నడిపింది. పంతొమ్మిది. మళ్లీ. ఇరవై.

నవత చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. తెర వైపు చూసింది. తలుపు సందులోంచి పక్క గదిలో తాత వైపు చూసింది. ఆయన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఇది ఎవరిదన్నట్టు.

ఆమె మల్లిగాడి బంధాలన్నీ మళ్లీ అతికించింది. గోల తీసేసింది. ప్రోగ్రాంలో చివర ఒకే ఒక్క వాక్యం చేర్చి నడిపింది. వచ్చిన అంకె చూసి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

మధ్యాహ్నం సదానందం వచ్చాడు. "ఏమైందే నవతా, మీ తాత రిపోర్టు?"

"బాగలేదు తాతా. నలభైకి సున్నా వచ్చింది."

"అయ్యో, పాపం," అన్నాడు సదానందం. నోరు అయ్యో అంటుంటే ముఖం దానికి తోడు రాలేదు. "రేపు పంచాయితీకి గా లాప్‌టాప్ తీస్కరా. పెద్దమనిషి పెద్దులన్న సుత ఓసారి చూస్తడు."

"తప్పకుండ తెస్త," అంది నవత.

ఆదివారం పొద్దున సోమక్క గది ముందు కుర్చీలు వేశారు. పంచాయితీ చెప్పే పెద్దులు వాడలో అందరికంటే పెద్దవాడు. ఏ గొడవైనా ముందు చాయ్ తాగి తర్వాత వింటాడు. గ్లాసు పక్కన పెట్టి తల ఊపాడు.

సదానందం లేచాడు. "పెద్దులన్నా, సాచ్చం కట్టయ్యదొక్కటే అంటాంది మా చెల్లె. గాయిన సంగతి చూస్తానవ్ గదా. ఇప్పుడు చూసిందే యాదికుంటలేదు. పాత ముచ్చట ఏం జెప్తడు? నేనంటలే. కంప్యూటర్ అంటాంది."

"కంప్యూటర్ ఏమంటాందే బిడ్డా?" అన్నాడు పెద్దులు.

"చెప్త తాతా. ముందుగాల ఒక మాట. ఇప్పుడు చూసింది పట్టుకునుడు వేరు, పాత ముచ్చట యాదికుండుడు వేరు. అది పోయిందంటే ఇది పోవాల్నని లేదు. సరే, గా ముచ్చట పక్కన పెట్టు. సదానందం తాతా, జర గిట్ల రా. కండ్లు మూసుకో."

"నేనెందుకే?"

"మా తాతకు పెట్టిన పరీక్షే. నువ్వు ఏ బొమ్మ చూడద్దు. తెర మీద ఎడమ దిక్కో, కుడి దిక్కో ఉత్తగ ఏలు పెట్టుకుంట పో."

సదానందం కళ్లకు నవత చున్నీ కట్టింది. ఆయన కళ్లగంతలాట ఆడినట్టు తెర మీద వేలు పొడుస్తూ పోయాడు. ఒకటి రెండుసార్లు వేలు పెద్దులు మోకాలికి తగిలింది. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

"ముక్కుల పెట్టుకునేవ్, మెల్లగ," అన్నారెవరో.

నలభై అయ్యాక నవత లాప్‌టాప్ పెద్దులు వైపు తిప్పింది. "పద్దెనిమిది ఒప్పులు."

"గుడ్డిగ పొడిస్తె పద్దెనిమిదా?"

"అవ్ తాతా. రెండు బొమ్మలల్ల ఒకటి సరైంది. ఏది యాదికి లేకున్నా దగ్గర దగ్గర సగం తగులుతయ్. కండ్లకు గంతలు కట్టుకున్న సదానందం తాతకు పద్దెనిమిది దొరికినయ్. కండ్లు తెరుసుకొని చూసిన మా తాతకు ఒక్కటి సుత దొరకలే."

పెద్దులు లాప్‌టాప్ మీదికి వంగాడు. "అంటె కట్టయ్య నసీబ్ అంత ఖరాబున్నదంటవా?"

"నసీబ్ కాదు. నిన్న నా ప్రోగ్రాంను ఎంత చెడగొట్టినా సున్నా రాలే. మెదడు మొత్తం తీసేసినా ఇరవై వచ్చినయ్. ఇగ చూసి చూసి దాన్ని బాగు చేసిన. అన్ని మంచిగ యాదికి పెట్టుకో, లాస్టుకు అబద్ధమాడు అని రాసిన. అప్పుడొచ్చింది సున్నా. ప్రతిసారి తప్పు దాని మీదనే ఏలు పడాల్నంటే, ఒప్పుది ఏందో ప్రతిసారి ఎరికుండాలె."

అందరూ కట్టయ్య వైపు తిరిగారు. కట్టయ్య పక్క గోడ మీద క్యాలెండర్‌ను శ్రద్ధగా చూస్తున్నాడు.

"గవి మిషన్లు, వంద చెప్తయ్," అన్నాడు సదానందం. కళ్లకు కట్టిన చున్నీ ఇంకా మెడలోనే ఉంది.

అప్పటిదాకా గడపలో కూర్చున్న సోమక్క లేచింది. ఆమెకు ఈ లెక్కలేవీ ఎక్కలేదు. కట్టయ్య ముఖం మాత్రం చూసింది.

"గివన్నీ ఎందుకే నవతా. నా మిషన్ ఏడనన్న ఏసుకుంట, చెట్టు కిందనన్న కుట్టుకుంట. కట్టన్నను ముందుగాల దవాఖానకు తీస్కపోరి. ఎసొంటి మనిషి ఎట్లయిండు. నాకు గీ మిషన్ అర్ర లేకపోతె పాయె."

కట్టయ్య క్యాలెండర్ మీది నుంచి చూపు తీశాడు. కుర్చీలో ముందుకు జరిగాడు. గొంతు సర్దుకున్నాడు.

"నాకు దవాఖాన వద్దు సోమక్కా. నా తలకాయకు ఏం కాలే. నాటకమాడిన.

"సదానందం, నేను ఇద్దరం ఒక్క మగ్గం మీద కూసున్నోళ్లం. జంపఖానా నేసేటప్పుడు గా పక్కకెల్లి వాడు పోగు పంపితె గీ పక్క నేనందుకోవాలె. ఇద్దర్ల ఎవడు ఆగినా పని ఆగుతది. గసొంటి జోడీగాడు వచ్చి బతిమాలిండు. 'అబద్ధం జెప్పకు కట్టయ్యా, ఉత్తగ మర్చిపో' అన్నడు. అబద్ధమైతె పాపం గని, మర్చిపోతె ఏం పాపమని నేను సుత అనుకున్న. చాయ్ తాగి తాగలేదంటె మా ఆమె ఇంకో గలాస పోసింది. గా ఒక్క ముచ్చట బాగనే ఉండె.

"గా లాప్‌టాప్ ముంగటనే పానం పోయింది. ఒక్కొక్క బొమ్మను గట్టిగ పట్టుకోవాలె, పట్టుకొని దాన్ని ఇడిచిపెట్టి పక్కదాని మీద ఏలు పెట్టాలె. చెమటలు పట్టినయ్. నడుమ నడుమ సగందాకా సరిగ జెప్తె దొరక్కపోదును. గని ఒకసారి పని పట్టినంక నడుమల పోగు ఇడుసుడు నాకు చాతగాదు. మర్చిపోవుడు సుత సాపుగ చేసిన.

"పెద్దులన్నా, రాసుకుంటె రాసుకో. వాళ్ల నాయిన పోయేనాడు నేను చెంచతోటి నీళ్లు పోస్తాన. సదానందం బీడీ ముట్టిచ్చుకుంటందుకు బయిటికి పోయిండు. ముసలాయన నా చెయ్యి పట్టుకొని, 'సడక్ దిక్కు అర్ర సోమక్కది, వానికి నువ్వే జెప్పు' అన్నడు. వాడు లోపలికి రాంగనే జెప్పిన. సరే అన్నడు. అనలేదా సదానందం? నా దిక్కు చూడు. మన ఇద్దర్ల మర్చిపోయినోడు ఎవడు లేడు."