దీనమ్మ మోపెడ్ ప్రయాణం

దీనమ్మకు నలభై తొమ్మిదేళ్లు వచ్చాక బండి నేర్చుకోవాలనే పిచ్చి పట్టింది. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లుగా ఇల్లిల్లూ తిరిగి, వాక్యం చదివి, జబ్బు చేసినవాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేసే మనిషి. ఊళ్లలో అందరూ బైబిలమ్మ అంటారు. ఆమె అక్క కొడుకు భాస్కర్ స్కూటర్ కొనుక్కుని, తన పాత మోపెడ్‌ను 1983 ఎండాకాలంలో ఆమెకు ఇచ్చేశాడు.

చర్చి పెద్ద సుందర్ రావు మొహం ముడుచుకున్నాడు. "చీర కట్టుకొని బండెక్కుతే మన సాక్ష్యం ఏంగావాలె, ఊరోళ్లు ఏమనుకోవాలె దీనమ్మా?"

"ప్రభువు గాడిద మీద పోయిండు అయ్యగారూ. నాకు గాడిద దొరకలే" అంది దీనమ్మ. ఆయన నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు.

మూడు రోజులు చర్చి ఆవరణలో నేర్చుకుంది. నడపడం వచ్చింది. ఆపడం మాత్రం అక్కడున్న ఇసుక కుప్పలోకి పోనిస్తేనే వచ్చేది.

నాలుగో రోజు బస్సులు బందు. ఆ రోజే మడికొండలో కట్టమ్మకు కంటి కట్టు విప్పుతారు. కట్టమ్మకు చూపు పోయాకే దీనమ్మతో పరిచయం. ఆరేళ్లుగా గొంతు వినడమే తప్ప మొహం ఎరగదు. అక్కడి బడిలో పెట్టిన కంటి క్యాంపులో ఆపరేషన్ అయిన రోజు ఆమె దీనమ్మ చెయ్యి పట్టుకుని, "కట్టిప్పినంక మొదలు నీ మొకమే చూడాలె" అంది. వస్తానని దీనమ్మ మాటిచ్చింది.

పక్కింటి మొగిలమ్మ కట్టమ్మకు సొంత చెల్లెలు. "అక్కా, నేను గూడ వస్త" అని మామిడిపండ్ల సంచితో దీనమ్మ వెనకాల ఎక్కింది. బండి కదిలింది. గాలికి కొంగులు ఎగిరాయి. దీనమ్మకు హుషారొచ్చింది. పాట ఎత్తుకుంది. పాట రాని మొగిలమ్మ "అయ్యో, అమ్మో" అంటూ తాళం వేసింది.

కాజీపేట చౌరస్తాలో కానిస్టేబుల్ పోశయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. బ్రేకు ఏ చేతి కిందుందో దీనమ్మకు గుర్తురాలేదు. ఆయన నిలబడ్డ దిమ్మె చుట్టూ ఒకసారి తిరిగింది, రెండుసార్లు తిరిగింది. ఆయన ఈల ఊదుతూ ఆమెతోపాటే గిరగిరా తిరిగాడు. మూడో చుట్టులో బ్రేకు చేతికి దొరికింది.

"లైసెన్సేదమ్మా?" అన్నాడు, తూలకుండా నిలదొక్కుకుంటూ.

"ఇంటికాడ మర్చిపోయిన్నని చెప్పక్కా" అని మొగిలమ్మ గుసగుసలాడింది.

ఆ మాట దీనమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే పోనిస్తాడు. కట్టమ్మ ఎదురుచూస్తోంది. అయినా నోరు ఒప్పుకోలేదు.

"లేదు సారూ. ఇంటికాడ గూడ లేదు. బండి పట్టి మూడొద్దులే అయింది. పోవుడొచ్చింది, ఆగుడు ఇంకా మంచిగ రాలే."

పోశయ్య ఈలను జేబులో వేసుకున్నాడు. "పదకొండేండ్ల నౌకరీల గిసుంటి జవాబు ఇనలేదమ్మా. అందరు ఇంటికాడ మర్చిపోయినోళ్లే. ఇగ నువ్వైతే నడపొద్దు."

"నడప సారూ" అని దీనమ్మ దిగి, హ్యాండిల్ పట్టుకుని బండిని తోసుకుంటూ మడికొండ దారి పట్టింది. ఎండ నెత్తి మాడుస్తోంది. నాలుగడుగులు వేసిందో లేదో వెనక నుంచి కేక వినిపించింది.

"ఓ అమ్మా! జర ఆగు. గంత ఎండల యాడికి పోతానవ్?"

సంగతి విని పోశయ్య తల గోక్కున్నాడు. తోటి కానిస్టేబుల్‌ను తన చోట నిలబెట్టి, "ఫికర్ చెయ్యకు, నేను నడుపుత. నువ్వెనక కూసో" అన్నాడు. ముగ్గురు ఎక్కకూడదు కనుక మొగిలమ్మ ఆగిపోయింది. వీళ్లు సగం దూరం పోయేసరికి ఒక ట్రాక్టర్ డుబడుబమంటూ దాటిపోయింది. ట్రాలీలో మొగిలమ్మ లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. పోలీసాయన పట్టుదలగా యాక్సిలరేటర్ తిప్పాడు. దీనమ్మ నవ్వీ నవ్వీ ఆయన బెల్టు పట్టుకుంది.

బడికి చేరేసరికి గంట ఆలస్యమైంది. డాక్టరు విసుగ్గా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కట్టమ్మ రెండు అరచేతులతో కట్టును గట్టిగా అదిమి పట్టుకుని ఉంది.

"ముట్టనిస్తలేదమ్మా" అంది నర్సు. "ఆమె వస్త అన్నదంటే వస్తదని ఒకటే మాట."

దీనమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. "వచ్చిన కట్టమ్మా."

డాక్టరు కట్టు విప్పాడు. కట్టమ్మ రెప్పలు టపటపలాడించింది. దుమ్ము కొట్టుకుపోయిన మొహాన్ని, ఊడిన కొప్పును, చెమటను తేరిపార చూసింది.

"గింత పొట్టిదానివా!" అంది. "నీ గొంతిని ఆరడుగులుంటవనుకున్న."

ముందే చేరిన మొగిలమ్మ, నర్సు, పోశయ్య, చివరికి డాక్టరు కూడా పగలబడి నవ్వారు. దీనమ్మకు నవ్వుతోపాటు కన్నీళ్లొచ్చాయి. "స్తోత్రం ప్రభువా" అనబోతే ఎక్కిళ్లు పడ్డాయి.

కట్టమ్మ అప్పటికే చెల్లెలి చీర పట్టుకుని, "ఇది పచ్చదే గదనే?" అంటోంది. పోశయ్య మీసాలు చూసి, "ఈ పిలగాడెవ్వలు?" అంది. వద్దంటున్నా లేచి గుమ్మం దాకా నడిచి, బయట తెల్లటి ఎండను, వేపచెట్టు కింద నెమరేస్తున్న బర్రెను చూసి, పెండ్లి చూసినంత సంబరంగా చప్పట్లు కొట్టింది.