అగ్గికోట తలుపు

చిత్తూరులో వాళ్ళ చిన్నప్పుడు వీధి పిల్లలంతా దాన్ని అగ్గికోట అనేవారు. టీవీకి తగిలించి ఇద్దరు కలిసి ఆడే ఆట. ఇప్పుడు కొత్త రంగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. అక్క మునిలక్ష్మి ఉంటే మొదటి రోజే కొనేది. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. తమ్ముడు ధనంజయ కొన్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక అక్క కూతురు లోహితతో టీవీ ముందు కూర్చున్నాడు. అలవాటుగా రెండో రిమోట్ అందుకోబోతే ఆ పిల్ల లాక్కుంది.

"నువ్వు ఒకటి తీసుకో మామా. పెద్దోళ్ళది అదే."

ఒకటో నంబరు ఎప్పుడూ అక్కదే. ధనంజయ దాన్ని అందుకున్నాడు.

పూతలపట్టు బడిలో లెక్కలు చెప్పే మనిషి, కొత్త ఆటను జవాబుపత్రం దిద్దినట్టే చూశాడు. అడవిలో ఆకులు కదులుతున్నాయి. నీళ్ళలో నీడ పడుతోంది. పాట పాతదే, డప్పు గట్టిగా వినిపిస్తోంది. దూకి చూశాడు. అదే ఎత్తు, అదే వేగం. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు.

"తప్పు చేస్తే వెనక్కి తిప్పుకోవచ్చంట," అంది లోహిత.

"అది ఆపెయ్ పాపా. మీ అమ్మ అది లేకుండానే కోట తలుపు దాకా పోయేది. ఆడికి పోతానే కరెంటు పోయేది. ఒక్కతూరి గూడ లోపల సూడలేదు."

"అయితే ఈ పొద్దు మనం సూడాల్సిందే."

గడప దగ్గర చింతపండు గింజలు తీస్తున్న ధనంజయ తల్లి వసంతమ్మ తలెత్తింది. "కరెంటు పోతే ఏడ్చేది నువ్వు. అది నవ్వేది. బడిలో అయివారివైనాక ఇంగా ఆటలేందిరా?" అంటూనే చాపను టీవీ కనబడే వైపు జరుపుకుంది.

కోట ముందు వంతెన మీద లోహిత చివరి లైఫ్ పోయింది.

"అయిపోతిని మామా. నువ్వే పో."

ఆడుతున్నది కాక ఆయనకు ఒక్క లైఫే మిగిలింది. తలుపు కాసే రాక్షసుణ్ణి ఒక్కడే కొట్టలేడు.

"రెండు బటన్లూ కలిపి నొక్కు. నా లైఫ్ నీకొస్తాది."

"ఉండేది ఒకటి. నాకిస్తే నీకో?"

"సిన్నప్పుడు నేను అట్లనే తీసుకునేవాణ్ణి. అడిగినప్పుడల్లా మీ అమ్మ ఇచ్చేది."

కొత్త ఆటలో అది ఉంచారో లేదో ఆయనకు తెలియదు. లోహిత నొక్కింది. ఆయన లెక్కలో ఒకటి తగ్గింది. ఆమె బొమ్మ వంతెన మీదికి దూకింది.

ఇద్దరూ కలిసి కొట్టారు. రాక్షసుడి నిప్పు ధనంజయ బొమ్మను తాకింది. ఆయన ఆట అయిపోయింది. రిమోట్ ఒడిలో పెట్టుకుని మాటతోనే ఆడించాడు.

"వంగు. ఉండు, ఉండు. ఇప్పుడు దూకు."

లోహిత దూకింది. రాక్షసుడు కూలాడు. తలుపు తెరుచుకుంది. లోపల తెల్లవారుతోంది. ఆ వెలుతురులోకి రెండు బొమ్మలూ పక్కపక్కనే నడిచి వెళ్ళాయి.

"మామా, నీ బొమ్మ సచ్చిపోయె గదా. అది యాణ్ణించి వచ్చె?"

"అది మీ అమ్మది," అన్నాడు ధనంజయ. అప్పుడు నవ్వాడు.

వసంతమ్మ చేతులు దులుపుకుని టీవీ దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఇంగోతూరి పెట్టండి. నాకు సరింగా కనపడలేదు."